రాహుకాలమూ, 48 గంటలూ

కొత్త సర్వరు వస్తే దానికి బొట్టు పెట్టి, నిమ్మకాయ తిప్పి, కొబ్బరికాయ కొట్టే ఆఫీసులు మన దేశంలో కొల్లలు. ఈ మాట చెబితే మన మిత్రులు నవ్వుతారు. నేనూ చాలాకాలం నవ్వాను. హేతువాదిని కాబట్టి నవ్వే హక్కు నాకుందనుకున్నాను. ఒకసారి ఆ నవ్వు నా మొహానికే వచ్చి తగిలింది. ఆ సంగతీ, దాని వెనక ఉన్న నలభై ఏళ్ల చరిత్రా చెబుతాను.

2010 జూలై. నోయిడాలో ఓ చిన్న కంపెనీలో సర్వర్లు చూసే పనిలో ఉన్నాను. కంపెనీ పేరు అనవసరం. యజమాని చెడ్డవాడేం కాదు, జీతం ఒకటో తారీఖునే ఇచ్చేవాడు. పేద విద్యార్థులకు స్కాలర్‌షిప్పులిచ్చే ఒక ట్రస్టు కోసం దరఖాస్తుల సైటు మేమే నడిపేవాళ్లం. అది ఉన్న పాత సర్వరు నోయిడాలోనే ఒక డేటా సెంటర్లో మూలుగుతూ ఉండేది. దాన్ని సింగపూర్‌లో అద్దెకు తీసుకున్న క్లౌడ్ సర్వరు మీదికి మార్చాలి. దరఖాస్తులకు శనివారం ఆఖరు రోజు. గురువారం రాత్రి మారుద్దామని నేనన్నాను. యజమాని పండిట్‌జీకి ఫోన్ చేశాడు. శుక్రవారం మంచిదన్నాడాయన. అయితే పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం, అది వెళ్లాకే అన్నాడు.

నేను లోలోపల నవ్వుకుని ఊరుకున్నాను. శుక్రవారం పొద్దున పది గంటలకు డేటాబేసు కాపీ తీసి సింగపూర్ పంపాను. 12:15కి డీఎన్‌ఎస్‌లో పాత చిరునామా తీసేసి కొత్తది పెట్టాను. నా కంప్యూటర్లో సైటు కొత్త సర్వరు నుంచే వచ్చింది. లడ్డూలు పంచారు. "అంతటా పాకడానికి 48 గంటలు పడుతుంది సార్" అని యజమానికి నేనే చెప్పాను. ఈ రంగంలో ఎవర్నడిగినా చెప్పే మాటే అది. ఆదివారం మధ్యాహ్నం గడియారం చూసుకుని, 48 గంటలు నిండాయని నిర్ధారించుకుని, పాత సర్వరు డిస్కు తుడిచేసి డేటా సెంటరు వాళ్లకు అప్పగించాను.

సోమవారం ఫోన్లు మొదలయ్యాయి. శుక్ర, శనివారాల్లో దరఖాస్తు చేసిన పిల్లల్లో కొందరి పేర్లు జాబితాలో లేవు. వాళ్ల దగ్గర రసీదు నంబర్లున్నాయి, మా దగ్గర దరఖాస్తులు లేవు. ఒక ఫోను నాకు ఇచ్చారు, అవతలాయనకు హిందీ సరిగా రావడం లేదు, నువ్వు మాట్లాడు అని. నల్గొండ జిల్లా మనిషి, ఘజియాబాద్‌లో మేస్త్రీ పని. కూతురు ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఫారం నింపిందట. "రసీదు నంబరు ఇచ్చింది మీ కంప్యూటరే గదా సారూ, ఇప్పుడు అదే లేదంటే ఎట్ల?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ట్రస్టు వాళ్లు మంచి మనసుతో వారం గడువు పెంచారు. ఫోన్ చేసినవాళ్లంతా మళ్లీ పంపారు. ఫోన్ చేయనివాళ్ల సంగతి? వాళ్లు ఎందరో, ఎవరో చెప్పగలిగిన లాగ్ ఫైలు నేను తుడిచేసిన డిస్కులోనే ఉండేది. యజమాని మాత్రం ముహూర్తంలో లోపం లేదని, నజర్ తగిలిందని తేల్చి, సర్వర్ గది గుమ్మానికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టించాడు. పాపం, అప్పటికి ఆ గదిలో సర్వరే లేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. పదింటికి కాపీ తీసి, రాహుకాలం కోసం ఆగి, 12:15కి మార్చాం. ఆ రెండుంబావు గంటల్లో పాత సర్వరుకు వచ్చిన దరఖాస్తులు పోయాయి. అది పండిట్‌జీ ఖాతా. ఆ తర్వాత పోయినవన్నీ నా ఖాతా. నా ఖాతాయే పెద్దది.

ఎందుకంటే "48 గంటల్లో పాకుతుంది" అనే మాటలో పాకేదేమీ లేదు. డీఎన్‌ఎస్ అంటే పేరు చెబితే అంకెల చిరునామా చెప్పే పట్టిక. మీరు ఒక సైటు పేరు కొట్టగానే మీ ఇంటర్నెట్ కంపెనీ సర్వరు ఆ పేరు తాలూకు అసలు సర్వరును అడిగి జవాబు తెస్తుంది. ప్రతిసారీ అడగడం దండగ కనుక ఆ జవాబును కొంతసేపు తన దగ్గర దాచుకుంటుంది. ఎంతసేపు? జవాబుతో పాటే ఒక అంకె వస్తుంది, సెకన్లలో. దాన్నే టీటీఎల్ అంటారు. మా సైటుకు అది 86,400, అంటే సరిగ్గా ఒక రోజు. నేను చిరునామా మార్చిన సంగతి లోకంలో ఎవరికీ కబురు వెళ్లదు. శుక్రవారం 12:10కి ఎవరి సర్వరైతే పాత జవాబు తెచ్చుకుందో అది శనివారం 12:10 దాకా ఆ పాత చిరునామానే నిశ్చింతగా చెబుతుంది. ఆ ఒక్క రోజూ సైటు రెండు చోట్లా బతికే ఉంటుంది, రెండూ దరఖాస్తులు తీసుకుంటాయి, రెండూ రసీదులిస్తాయి. "పాకడం" అనే మాట వల్ల నాకు ఈ దృశ్యం కనబడలేదు. ఆలస్యంగా అందే వార్త అనుకున్నాను తప్ప, ఏకకాలంలో నడుస్తున్న రెండు కౌంటర్లు అనుకోలేదు. 48 గంటలయ్యాక పాత చిరునామాకు ఎవరూ రారన్నది నిజమే. ఈలోపు వచ్చినవాళ్లు ఇచ్చి వెళ్లిన కాగితాలు అక్కడే ఉన్నాయి కదా అని ఎవరు ఆలోచించాలి?

ముహూర్తం చూశారు. టీటీఎల్ ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలు ఈ 48 గంటల నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతకడం నాకో పట్టుదలగా మారింది. దయ్యాల కథలకు మూలం వెతికినట్టే దీనికీ వెతికాను.

1970లలో అమెరికాలోని ఆర్పానెట్‌లో కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఒక ఫైల్లో ఉండేవి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దాన్ని చూసుకునేది. కొత్త కంప్యూటరు చేరితే వాళ్లకు తెలియజేయాలి, వాళ్లు ఫైల్లో ఎక్కిస్తారు, మిగతా వాళ్లంతా ఆ ఫైలును మళ్లీ దింపుకోవాలి. కంప్యూటర్లు వందల్లో చేరేసరికి ఇది తలకు మించిన భారమైంది. 1983లో పాల్ మోకపెట్రిస్ దీనికి బదులు పేర్ల బాధ్యతను కొమ్మలు కొమ్మలుగా పంచే పద్ధతి రాశాడు. అదే డీఎన్‌ఎస్. 1987 నవంబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1034, 1035 అనే రెండు పత్రాలు ఇవాళ్టికీ దానికి ఆధారం.

ఆర్‌ఎఫ్‌సీ 1034 తెరిచి చదివినప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది. చిరునామా మార్పు ముందే తెలిసుంటే టీటీఎల్‌ను ముందుగా తగ్గించుకోండి, మార్పు అయ్యాక మళ్లీ పెంచుకోండి అని అందులో తేటగా ఉంది. 1987లో రాసిన మాట. నేను దాన్ని 2010 ఆగస్టులో చదివాను. బుధవారం నాడు 86,400 తీసి 300 పెట్టి ఉంటే, శుక్రవారానికల్లా ఎవరి దగ్గరా పాత జవాబు అయిదు నిమిషాలకు మించి నిలిచేది కాదు.

మరి 48 ఎక్కడిది? దీనికి రెండు ఆనవాళ్లు దొరికాయి. డాట్ కామ్ పేర్ల మొత్తం పట్టికను 2004 దాకా రోజుకు రెండుసార్లే తాజా చేసేవారు. ఆ ఏడు సెప్టెంబరులో వెరిసైన్ కంపెనీ దాన్ని నిమిషాల వ్యవహారంగా మార్చింది. రెండోది, ఏ పేరుకు ఏ డీఎన్‌ఎస్ సర్వరు జవాబుదారో డాట్ కామ్ సర్వర్లు చెప్పే జవాబుకు టీటీఎల్ 1,72,800 సెకన్లు. భాగించి చూడండి, సరిగ్గా 48 గంటలు! అంటే పేరు అమ్మిన కంపెనీలు "ఒకటి రెండు రోజులు ఆగండి" అని చెప్పింది ఒకప్పుడు ఆధారమున్న మాటే. అది కూడా జవాబుదారీ సర్వరును మార్చుకునేవాళ్లకే. ఆ సందర్భం జారిపోయి అంకె మిగిలింది. పెద్దలు ఏదో ఒక కారణంతో చెప్పింది, కారణం పోయాక ఆచారంగా నిలబడటం మనం ఎన్ని చోట్ల చూడలేదు! గ్రహణం నాడు నీళ్లలో దర్భ వేసేవారి గురించి వ్యాసాలు రాసిన నేను, నా వృత్తిలోని దర్భను గుర్తుపట్టలేకపోయాను.

ఇక్కడ మన ఢిల్లీ చుట్టుపక్కల చరిత్ర కొంచెం చెప్పాలి. డాట్ ఇన్ పేర్లను ముందు ముంబయిలోని ఎన్‌సీఎస్‌టీ చూసేది. కట్టుదిట్టమైన నియమాలు. 2004 వరకు దేశం మొత్తం మీద నమోదైన పేర్లు సుమారు 7 వేలే. 2003లో ఢిల్లీ కేంద్రంగా నిక్సీ ఏర్పడింది. దాని మొదటి ఎక్స్ఛేంజి నోయిడాలోనే. అంతకుముందు ఢిల్లీలో ఒక కంపెనీ కనెక్షన్ నుంచి పక్కవీధిలో ఇంకో కంపెనీ కనెక్షన్‌కు పంపిన మెయిలు విదేశాలు తిరిగి వచ్చే అవకాశం ఉండేది. 2005 జనవరిలో డాట్ ఇన్ నిర్వహణ నిక్సీకి వచ్చి, ఎవరైనా కొనుక్కునేలా తలుపులు తెరిచారు. 2010కల్లా 6 లక్షలు దాటాయి. ఇన్ని లక్షల పేర్లకు చిరునామాలు ఎవరో ఒకరు చేత్తో కొడుతున్నారన్నమాట. ఒక్క చుక్క తప్పితే సైటు మాయం. పట్టిక మార్చినప్పుడల్లా వరుస సంఖ్య ఒకటి పెంచాలి. పెంచడం మరిచిపోతే రెండో సర్వరు కొత్త పట్టికను తీసుకోదు. మా ఆఫీసులో ఆ సంఖ్య పెంచడం మరిచి ఒక పూట వెతుక్కోని కుర్రాడు లేడు.

ఇక సర్వరు ఇమేజ్ సంగతి. దీని చరిత్ర చూడాలంటే నెహ్రూ ప్లేస్ వెళ్లాలి. 2000ల మొదట్లో అక్కడ ఏ మెట్ల కింద దుకాణానికి కంప్యూటరు తీసుకెళ్లినా పావుగంటలో విండోస్ ఎక్కించి ఇచ్చేవారు. ఎక్కించడం కాదది, అచ్చు గుద్దడం. ఒక కంప్యూటరును శ్రద్ధగా సిద్ధం చేసి, దాని డిస్కు మొత్తాన్ని ఫైలుగా మార్చి, మిగతా అన్నిటిమీదా గుద్దెయ్యడమే. ఆ పని చేసే సాఫ్ట్‌వేరు పేరు ఘోస్ట్. 1990ల మధ్యలో న్యూజీలాండ్‌లో మర్రే హాజార్డ్ తయారు చేశాడు, 1998లో సిమాంటెక్ కొనేసింది. జీవితంలో నేను కళ్లారా చూసి నమ్మిన దయ్యం అదొక్కటే.

2006 ఆగస్టులో అమెజాన్ ఈసీ2 మొదలయ్యాక ఇదే పద్ధతి క్లౌడ్‌కి ఎక్కింది. ఇమేజ్ ఎంచుకో, మీట నొక్కు, సర్వరు రెడీ. సౌకర్యమే. అయితే అచ్చులో ఉన్న మచ్చ ప్రతి కాపీకీ వస్తుంది. జనం బహిరంగంగా పంచుకున్న ఈసీ2 ఇమేజ్‌లు 5 వేలకు పైగా తీసుకుని యూరప్ పరిశోధకుల బృందం ఒకటి పరిశీలించి 2012లో ప్రకటించింది. తయారు చేసినవాళ్లు మరిచిపోయిన రహస్య తాళాలు, తుడిచేశామనుకున్న ఫైళ్లు వాటిలో దొరికాయి. ఎవరో ఎప్పుడో సిద్ధం చేసిన డిస్కును లోపల ఏముందో చూడకుండా నమ్మడం, మహిమగల తాయెత్తును విప్పి చూడకుండా కట్టుకోవడం లాంటిదే.

మా పాత సర్వరు కూడా అలాంటి తాయెత్తే. దాన్ని కట్టిన సీనియర్ బెంగళూరు వెళ్లిపోయాడు. ఏ ప్యాకేజీ ఎందుకు వేశాడో, ఏ ఫైలు ఎందుకు మార్చాడో ఒక్క ముక్క రాసి పెట్టలేదు. మేం అడిగినప్పుడల్లా "చేతికి అలవాటైపోయిందిరా, చెప్పలేను" అనేవాడు. ఆ టీటీఎల్ అంకె కూడా ఆయన ఏదో పాత పట్టిక నుంచి ఎత్తి పెట్టిందే. గురువు నోట ఉండి శిష్యుడి చెవిలో పడితేనే దక్కే విద్య అది. గురువు ఉద్యోగం మారితే విద్య అంతే సంగతులు.

దీనికి విరుగుడు కనిపెట్టింది ఒక భౌతికశాస్త్రం మనిషి కావడం నాకు ముచ్చటేసింది. మార్క్ బర్జెస్ అని బ్రిటిష్ వ్యక్తి, ఓస్లో విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు. అక్కడి రకరకాల యూనిక్స్ కంప్యూటర్లను చూసుకోవడానికి 1993లో సీఎఫ్‌ఇంజిన్ రాశాడు. అందులో అసలు మలుపు ఏమిటంటే, చేయాల్సిన పనుల వరుసను కాకుండా, చివరికి ఉండాల్సిన స్థితిని రాయడం. "ఈ ఫైలు సృష్టించు" అనకుండా "ఈ ఫైలు ఇలా ఉండాలి" అని రాస్తారు. స్క్రిప్టు వెళ్లి చూస్తుంది. అలా ఉంటే ముట్టుకోదు, లేకపోతే సరిచేస్తుంది. పదిసార్లు నడిపినా ఫలితం ఒకటే. పూజకూ దీనికీ తేడా ఇక్కడుంది. పూజలో క్రమం తప్పకూడదు, ఫలితం మాత్రం అడగకూడదు. ఇక్కడ ఫలితం ముందే రాసి పెట్టాం, వచ్చిందో లేదో ఎవరైనా వెళ్లి చూడొచ్చు. రాకపోతే రాలేదని యంత్రమే చెబుతుంది.

తర్వాతి కథ తొందరగా చెప్పేస్తాను. 2005లో లూక్ కనీస్ పప్పెట్, 2009లో షెఫ్, 2012లో ఆన్సిబుల్ వచ్చాయి. 2010 డిసెంబరులో అమెజాన్ రూట్ 53 పేరుతో, స్క్రిప్టుతోనే పేర్లు మార్చుకునే డీఎన్‌ఎస్ సేవ పెట్టింది. 53 అంటే డీఎన్‌ఎస్ వాడే పోర్టు సంఖ్య, జాతకాలతో సంబంధం లేదు. 2013లో ప్యాకర్, 2014లో టెరాఫామ్. ప్యాకర్‌తో ఇమేజ్‌ను చేత్తో కట్టక్కర్లేదు, వంటకం రాసినట్టు రాసి ఎన్నిసార్లయినా మొదట్నుంచి వండించుకోవచ్చు. తాయెత్తు విప్పి అందరిముందూ పెట్టినట్టు. 2014లోనే మన కేంద్ర ప్రభుత్వం ఢిల్లీలోని ఎన్ఐసీ ద్వారా మేఘరాజ్ అనే సొంత క్లౌడ్ మొదలుపెట్టింది. 2021లో గూగుల్ ఢిల్లీ ప్రాంతంలో తన క్లౌడ్ కేంద్రం తెరిచింది. సింగపూర్ దాకా పోవాల్సిన పని తప్పింది.

నేను కూడా ఒక స్క్రిప్టు రాసుకున్నాను. ఇప్పుడు నాలుగో కంపెనీలో, గుర్‌గావ్‌లో, దాన్నే కొద్దికొద్దిగా మారుస్తూ వాడుతున్నాను. అది ముందు టీటీఎల్ చూస్తుంది. 300 కంటే ఎక్కువుంటే తగ్గించి, పాత అంకె ఎన్ని సెకన్లో అంతసేపూ ఆగుతుంది. ఎంత బతిమాలినా ముందుకు కదలదు. తర్వాత పాత సర్వరులో కొత్త దరఖాస్తులు తీసుకోవడం ఆపి, అప్పుడు మాత్రమే డేటాబేసు కాపీ తీస్తుంది. చిరునామా మార్చాక నాలుగైదు కంపెనీల డీఎన్‌ఎస్ సర్వర్లను విడివిడిగా అడిగి, జవాబులు పక్కపక్కనే చూపిస్తుంది. పాత డిస్కు తుడిచే ఆజ్ఞ అందులో లేదు. అది నేను కావాలనే రాయలేదు.

యంత్రానికి అప్పగించేస్తే చాలా? కాదు. స్క్రిప్టును కూడా మంత్రంలా వాడేవాళ్లని రోజూ చూస్తున్నాను. ఇంకెక్కడి నుంచో ఎత్తి తెచ్చిన 200 వరుసల్లో ఏ వరుస ఏం చేస్తుందో అడిగితే "తీసేస్తే పనిచేయదు సార్, అలా ఉండనివ్వండి" అంటారు. తీసి చూశావా అంటే చూడలేదు. అర్థం తెలిసి రాసినవాళ్లకు కూడా దెబ్బ తప్పదని 2025లో తేలింది.

2025 అక్టోబరు 20. దీపావళి. మధ్యాహ్నం 12:18 ప్రాంతంలో అమెరికాలోని వర్జీనియాలో అమెజాన్‌వారి డైనమోడీబీ అనే డేటాబేసు సేవ చిరునామా డీఎన్‌ఎస్ నుంచి మాయమైంది. దాని మీద ఆధారపడ్డ యాప్‌లు ప్రపంచమంతా వరసపెట్టి పడిపోయాయి. ఎవరో చేత్తో తప్పు కొట్టినందువల్ల కాదు. ఆ పట్టికను మనిషి ముట్టుకోడు. ఒక ప్రోగ్రాము ఎప్పటికప్పుడు చిరునామాల ప్రణాళిక వేస్తుంది, మరికొన్ని విడివిడిగా దాన్ని అమలు చేస్తాయి. ఆ రోజు అమలు చేసేవాటిలో ఒకటి ఎందుకో నత్తనడక నడిచింది. ఈలోపు రెండోది కొత్త ప్రణాళికను అమలు చేసేసి, పాతవాటిని శుభ్రం చేయడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే నత్త వచ్చి తన చేతిలోని పాత ప్రణాళికను కొత్తదాని మీద రాసేసింది. తన ప్రణాళిక కొత్తదేనా అని అది చూసుకుంది, కాకపోతే ఎప్పుడో ముందు చూసుకుంది. శుభ్రం చేసేది ఆ ప్రణాళిక బాగా పాతదని తేల్చి తుడిచేసింది. చిరునామాల గడి ఖాళీ అయింది. ఎంత ఖాళీ అంటే, యంత్రాలు తమంతట తాము సరిచేసుకోలేక మనుషులు చెయ్యి పెట్టాల్సి వచ్చింది.

అమెజాన్ ప్రచురించిన వివరణలో ఇది చదివినప్పుడు నేను రెండోసారి ఉలిక్కిపడ్డాను. పాతదని నిర్ధారించుకుని తుడిచెయ్యడం. ఇంకా అక్కడికి ఎవరైనా వస్తున్నారా అని తుడిచే క్షణంలో చూడకపోవడం. నేను నోయిడాలో చేసింది ఇదే, నెమ్మదిగా, చేత్తో. తేడా ఏమిటంటే వాళ్లు నిమిషాల లెక్కతో సహా అంతా రాసి బయటపెట్టారు, తప్పు దొరికిన ఆ యంత్రాంగాన్ని ప్రపంచమంతటా ఆపేశామని కూడా చెప్పారు. మా యజమాని నిమ్మకాయ కట్టించాడు. నేనా, ఈ వ్యాసం రాయడానికి ఇన్నేళ్లు తీసుకున్నాను.

ఆ మధ్యాహ్నం మా ఆఫీసు కుర్రాడు ఫోన్ చేశాడు. ఇంజనీరింగ్‌లో గోల్డ్ మెడలిస్టు. మా సైట్లు కొన్ని పడిపోయాయని చెప్పి, "అమావాస్య రోజు కదా సార్, ఇలాంటివి మామూలే" అన్నాడు. నేను లాప్‌టాప్ ముందు కూర్చుంటూ, పక్కనే మా ఆవిడ లక్ష్మీపూజ కోసం తెరిచి పెట్టుకున్న పంచాంగం చూశాను. ఢిల్లీలో ఆ రోజు అమావాస్య ఘడియలు మొదలైంది మధ్యాహ్నం మూడున్నర దాటాక. చిరునామా మాయమైంది 12:18కి, తిరిగి పెట్టింది 2:55కి. అప్పటికి ఇంకా చతుర్దశే నడుస్తోంది.